కంప్యూటర్ సందేహాలు: డాంగిల్ కనిపిస్తోంది, మౌస్ కదలడం లేదు

ఈసారి సీమ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో లినక్స్‌లో వైర్‌లెస్ మౌస్ గురించి అడిగినవే ఎక్కువ. వాటిలో నాలుగింటికీ, ఆ వరుసలోనే అడగదగిన మరో ప్రశ్నకూ ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. డాంగిల్ అంటే అలాంటి మౌస్ సంకేతాలను అందుకోవడానికి యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న ముక్క.

ప్రశ్న: మా పాఠశాల ప్రొద్దుటూరుకు దగ్గరలోని పల్లెలో ఉంది. దాతలు ఇచ్చిన పది పాత కంప్యూటర్లలో ఉబుంటు అనే లినక్స్ వేసుకుని వాడుతున్నాం. ఎండాకాలం సెలవుల్లో గదికి సున్నం కొట్టించేటప్పుడు మౌస్‌లనూ, వాటి డాంగిళ్లనూ తీసి ఒక డబ్బాలో వేశాం. ఇప్పుడు తిరిగి పెడితే నాలుగు కంప్యూటర్లలో బాణం గుర్తు కదలడం లేదు. డాంగిల్ పెట్టగానే కంప్యూటర్ మాత్రం దానిని గుర్తిస్తోంది. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) మౌస్ ఫైలును చదవబోతే ‘పర్మిషన్ డినైడ్’ అని వచ్చింది. తెలిసినవారు చెప్పారని ఇన్‌పుట్ ఫోల్డరులోని ఫైళ్లన్నింటికీ 777 అనుమతి, అంటే అందరికీ అన్ని హక్కులూ, ఇచ్చాం. అయినా మౌస్ కదలలేదు, మరునాడు చూస్తే ఆ అనుమతులు కూడా పోయాయి. లోపం ఎక్కడుంది?
— ఒక ఉపాధ్యాయిని, కడప జిల్లా

జవాబు: అమ్మా, మీ లోపం చాలావరకు ఆ డబ్బాలోనే ఉంది. అనుమతులకూ దానికీ సంబంధం లేదు. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ‘గుర్తించడం’ అనే మాట దగ్గరే అందరం పొరబడుతున్నాం.

డాంగిల్ పెట్టగానే కంప్యూటర్ గుర్తించేది డాంగిల్‌ను మాత్రమే. మౌస్‌ను కాదు. తక్కువ ధరకు దొరికే చాలా డాంగిళ్లు తమ మౌస్ దగ్గరలో ఉన్నా లేకపోయినా, అందులో సెల్ ఉన్నా లేకపోయినా, కంప్యూటర్‌కు ‘నేనొక మౌస్‌ను’ అనే చెప్పుకుంటాయి. లినక్స్ మూలభాగమైన కెర్నల్ దాని మాట నమ్మి, దాని పేరున ఒక ఈవెంట్ ఫైలును సృష్టించి కూర్చుంటుంది. ఆ తర్వాత మౌస్ నుంచి డాంగిల్‌కు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో సంకేతం వస్తేనే ఆ ఫైలులోకి ఏదైనా చేరుతుంది. కర్మాగారంలోనే ఒక్కో మౌస్‌కు ఒక్కో డాంగిల్‌ను జత కట్టి పంపుతారు. చూడటానికి అచ్చుగుద్దినట్టు ఉన్నా, పక్క పెట్టెలోని డాంగిల్ ఈ మౌస్ మాట వినదు. మీరు పది డాంగిళ్లను ఒకే డబ్బాలో కలిపారు. ఆరు సరైన జతలు దొరికాయి, నాలుగు తారుమారయ్యాయి.

కాబట్టి మొదట చేయవలసిన పనికి టెర్మినల్ అక్కరలేదు. బాగా పనిచేస్తున్న ఆరింటినీ పక్కన పెట్టి, మిగిలిన నాలుగు డాంగిళ్లను ఒక్కొక్కటిగా ఒకే కంప్యూటర్‌కు పెడుతూ, నాలుగు మౌస్‌లనూ కదిపి చూడండి. కదిపే ముందు ప్రతి మౌస్‌నూ తిరగేసి కింద ఉన్న స్విచ్ ఆన్ వైపు ఉందో లేదో చూడండి. సెల్ అరలో స్ప్రింగుకు పచ్చటి తుప్పు పట్టి ఉంటే అగ్గిపుల్ల తలను తీసేసి ఆ పుల్లతో గీకి శుభ్రం చేయండి. నెలల తరబడి సెల్ తీయకుండా ఉంచిన మౌస్‌లలో ఈ తుప్పు నాకు తరచుగా కనిపిస్తుంది. అడుగున ఎర్రలైటు వెలగనంత మాత్రాన మౌస్ చెడిపోయిందని అనుకోవద్దు. కంటికి కనిపించని పరారుణ కాంతితో పనిచేసే మౌస్‌లు చాలా ఉన్నాయి. జత దొరికిన వెంటనే మౌస్ కడుపు మీదా, దాని డాంగిల్ మీదా గోళ్ల రంగుతో ఒకే గుర్తు పెట్టించండి. వచ్చే ఏడాది మళ్లీ సున్నం కొట్టించేటప్పుడు ఈ ఉత్తరం రాయవలసిన పని ఉండదు.

నారింజ రంగు నక్షత్రంలాంటి గుర్తు ఉన్న లాజిటెక్ యూనిఫయింగ్ డాంగిల్ ఏదైనా మీ దగ్గర ఉంటే దాని సంగతి వేరు. అదే గుర్తు ఉన్న మౌస్‌లను, కీబోర్డులను దానికి కొత్తగా జత చేయవచ్చు, ఒక్క డాంగిల్‌కు ఆరు పరికరాల వరకు. లినక్స్‌లో ఈ పని సోలార్ అనే ప్రోగ్రాముతో జరుగుతుంది.

జతలు కుదిరాక కూడా ఒకటి రెండు మొరాయిస్తే అప్పుడు టెర్మినల్ తెరవండి. మౌస్ లేకపోయినా ఉబుంటులో కంట్రోల్, ఆల్ట్, టి మీటలు కలిపి నొక్కితే అది తెరుచుకుంటుంది. ఎల్, ఎస్, యూ, ఎస్, బీ అనే అయిదు చిన్న అక్షరాలను ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కితే యూఎస్‌బీ పరికరాల జాబితా వస్తుంది. డాంగిల్ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి చూసి, రెండోసారి అదనంగా ఒక వరుస వచ్చిందో లేదో పోల్చండి. రాకపోతే పోర్టు గానీ డాంగిల్ గానీ చెడిపోయినట్టే. అప్పుడు సుడో (నిర్వాహకుడి అధికారంతో ఆదేశాన్ని నడిపే మాట) ముందు పెట్టి డీ, ఎం, ఈ, ఎస్, జీ అనే ఆదేశం ఇచ్చి చివరి పది వరుసలు చదవండి. ఉబుంటు 20.10 నుంచి ఈ ఆదేశానికి సుడో తప్పనిసరి. అక్కడ మైనస్ 71 అనో, మైనస్ 110 అనో లోపసంఖ్యలతో ‘డిస్క్రిప్టర్’ చదవలేకపోయానన్న ఫిర్యాదు కనిపిస్తే అది తీగకో, సోల్డరుకో, పోర్టులోని దుమ్ముకో సంబంధించిన సమస్య. దానిని ఏ ఆదేశంతోనూ సరిచేయలేరు. పోర్టు మార్చి చూడండి.

జాబితాలో డాంగిల్ ఉండి, మౌస్ జత కూడా సరైనదే అయితే, లిబ్‌ఇన్‌పుట్-టూల్స్ అనే ప్యాకేజీ ఎక్కించి, సుడో పెట్టి ‘లిబ్‌ఇన్‌పుట్ డీబగ్-ఈవెంట్స్’ అని ఆదేశం ఇవ్వండి. మౌస్‌ను కదిపితే తెర మీద ‘పాయింటర్ మోషన్’ అని వరుసలు పరుగెత్తాలి. పరుగెత్తాయంటే కెర్నల్ దాకా అంతా బాగుంది, చిక్కు డెస్క్‌టాప్ అమరికలో ఉంది. పరుగెత్తకపోతే మౌస్‌కూ డాంగిల్‌కూ మధ్య మాట కలవలేదు.

ఇక అనుమతుల సంగతి. మీ విద్యార్థికి ‘పర్మిషన్ డినైడ్’ అని వచ్చింది నిజమే, అయితే అది లోపం కాదు, కాపలా. డెవ్ ఫోల్డరులోని ఇన్‌పుట్ అనే చోట ఉండే ఈవెంట్ ఫైళ్లకు యజమాని రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా), సమూహం ఇన్‌పుట్. సాధారణ వాడుకరికి వాటిని చదివే హక్కు ఉండదు, ఉండకూడదు కూడా. మౌస్ సక్రమంగా తిరుగుతున్న ఆ ఆరు కంప్యూటర్లలో ప్రయత్నించినా అదే జవాబు వస్తుంది. బాణం గుర్తును నడిపే డెస్క్‌టాప్ ప్రోగ్రాము ఆ ఫైలును స్వయంగా తెరవదు. వాడుకరి లాగిన్‌లను చూసుకునే లాగిన్‌డి అనే సేవ తన అధికారంతో దానిని తెరిచి, తెరిచిన ఫైలును డెస్క్‌టాప్ చేతికి అందిస్తుంది. అందుకే మీకు అనుమతి లేకపోయినా మీ మౌస్ కదులుతుంది.

ఆ ఫోల్డరులో మౌస్ ఒక్కటే ఉండదు, కీబోర్డు కూడా అక్కడే ఉంటుంది. అన్నింటికీ 777 ఇవ్వడమంటే, ఆ కంప్యూటర్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామూ పిల్లలు, ఉపాధ్యాయులు కొట్టే ప్రతి అక్షరాన్నీ, పాస్‌వర్డులతో సహా, చదువుకోవచ్చని తలుపులు తెరవడం. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. అదృష్టవశాత్తు డెవ్ ఫోల్డరు డిస్కు మీద ఉండేది కాదు, కంప్యూటర్ మొదలైన ప్రతిసారీ కెర్నల్ దానిని మెమరీలో కొత్తగా తయారు చేస్తుంది. మీరిచ్చిన అనుమతులు మరునాటికి పోయింది అందుకే. పోవడమే మేలు.

ప్రశ్న: అనంతపురంలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. మౌస్ లాజిటెక్‌ది, బాగా పనిచేస్తోంది. సెల్ ఎంత మిగిలిందో చూడటానికి సోలార్ ప్రోగ్రామును పైథాన్ ప్రోగ్రాములను ఎక్కించే పిప్ ద్వారా ఎక్కించాను. సుడోతో నడిపితే డాంగిల్‌ను చూపిస్తోంది, మామూలుగా నడిపితే డాంగిల్‌కు అనుమతి లేదంటోంది. రోజూ సుడోతోనే నడపడం మంచిదేనా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మంచిది కాదు, అవసరమూ లేదు. పైనున్న ప్రశ్నకూ మీ ప్రశ్నకూ ఉన్న తేడాను ముందు గమనించండి. అక్కడ అనుమతిని అనవసరంగా అనుమానించారు. మీ విషయంలో చిక్కు నిజంగానే అనుమతిది.

మౌస్ కదలికలు ఈవెంట్ ఫైలు ద్వారా వస్తాయి. సెల్ శాతం తెలుసుకోవడం, కొత్త మౌస్‌ను జత చేయడం, వేగం మార్చడం లాంటి పనులకు మాత్రం ప్రోగ్రాము డాంగిల్‌తో నేరుగా మాట్లాడాలి. ఆ మాటకు డెవ్ ఫోల్డరులో హిడ్‌రా అనే పేరుతో, పక్కన ఒక అంకెతో, వేరే ఫైలు ఉంటుంది. మామూలుగా దానికి యజమాని రూట్, అనుమతి 0600. అంటే రూట్ తప్ప ఇంకెవరూ తాకలేరు. ఈ కట్టుబాటును సడలించే అధికారం యూడెవ్ అనే సేవకు ఉంది. పరికరం తగిలించిన ప్రతిసారీ యూడెవ్ తన దగ్గరున్న రూలు ఫైళ్లను అంకెల వరుసలో చదివి, ఏ పరికరానికి ఏ అనుమతి ఇవ్వాలో నిర్ణయిస్తుంది. సోలార్‌ను ఉబుంటు, డెబియన్ ప్యాకేజీగా ఎక్కించి ఉంటే ఈ రూలు ఫైలు కూడా దానితో పాటే వచ్చేది. పిప్ దానిని తీసుకురాదు. మీ చిక్కంతా ఇక్కడే ఉంది.

సులువైన దారి, పిప్ ద్వారా ఎక్కించినదాన్ని తీసేసి ప్యాకేజీగా ఎక్కించుకోవడం. కొత్త వెర్షనే కావాలంటే రూలు మీరే రాసుకోవాలి. అది ఒకే ఒక వరుస. ఈటీసీ ఫోల్డరులో యూడెవ్, అందులో రూల్స్ డాట్ డి అనే చోట ఒక కొత్త ఫైలును సుడో పెట్టి నానో అనే ఎడిటర్‌తో తెరవండి. ఫైలు పేరు 42 అంకెతో మొదలై, డాట్ రూల్స్ అనే అక్షరాలతో ముగియాలి. వరుసలో మూడు ముక్కలు, మధ్యమధ్య కామాలు. మొదటి ముక్క, ఉపవ్యవస్థ పేరు హిడ్‌రా అయితే అనే పరీక్ష. రెండోది, పైనున్న పరికరం తయారీదారు సంఖ్య 046డి అయితే అనే పరీక్ష. అది లాజిటెక్ యూఎస్‌బీ సంఖ్య, ఎల్‌ఎస్‌యూఎస్‌బీ జాబితాలో ఐడీ అన్న మాట పక్కన మీకే కనిపిస్తుంది. మూడోది, ఆ రెండూ నిజమైతే యూయాక్సెస్ అనే ట్యాగును చేర్చు అనే ఆజ్ఞ. పరీక్షలకు రెండు సమాన గుర్తులు, చేర్చడానికి ప్లస్ పక్కన ఒక సమాన గుర్తు వాడాలి. ఈ తేడా పాటించక రూలు పనిచేయడం లేదని తల పట్టుకున్నవారిని చూశాను. ఒకే సమాన గుర్తు పెడితే యూడెవ్ దాన్ని పరీక్షగా తీసుకోదు.

ఫైలు పేరులోని అంకె 73 కంటే తక్కువగా ఉండాలి. యూయాక్సెస్ ట్యాగును చూసి నిజంగా అనుమతి ఇచ్చే రూలు 73వ అంకెతో ఉన్న ఫైలులో ఉంది. మీది 99తో మొదలైతే, బస్సు వెళ్లిపోయాక టికెట్టు కొన్నట్టే. రాశాక సుడోతో ‘యూడెవ్‌ఏడీఎం కంట్రోల్’ ఆదేశానికి రీలోడ్ అనే ఎంపిక జతచేసి ఇచ్చి, డాంగిల్‌ను ఒకసారి తీసి పెట్టండి. తర్వాత ఆ హిడ్‌రా ఫైలును ఎల్‌ఎస్ ఆదేశంతో వివరంగా చూస్తే అనుమతుల అక్షరాల చివర చిన్న ప్లస్ గుర్తు కనిపిస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ అయిన వాడుకరికి, అంటే మీకు, ప్రత్యేకంగా ఇచ్చిన అనుమతికి అది గుర్తు. మీరు లాగౌట్ కాగానే అది తొలగిపోతుంది. దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వచ్చినవారికి అది వర్తించదు. అందరికీ చదివే, రాసే హక్కు ఇచ్చే 0666 కంటే ఈ పద్ధతి ఎందుకు మేలో దీన్నిబట్టే తెలుస్తుంది. నలుగురు వచ్చిపోయే మీ సెంటర్‌లో అది మరీ ముఖ్యం.

ప్రశ్న: కర్నూలులో ఉంటాను. నా ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ మింట్ రెండూ ఉన్నాయి. బ్లూటూత్ మౌస్‌ను లినక్స్‌లో జత చేస్తే విండోస్‌లో పనిచేయదు, విండోస్‌లో జత చేస్తే లినక్స్‌లో పనిచేయదు. ఇది కూడా అనుమతుల సమస్యేనా?
— ఒక బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

జవాబు: కాదు. బ్లూటూత్ మౌస్‌ను జత చేసినప్పుడు మౌస్, కంప్యూటర్ రెండూ ఒక రహస్య తాళపుచెవిని దాచుకుంటాయి. విండోస్, లినక్స్ రెండూ ఒకే బ్లూటూత్ చిప్‌ను వాడుతున్నాయి కాబట్టి మౌస్ దృష్టిలో అవి రెండూ ఒకే కంప్యూటర్. రెండోచోట జత చేసేసరికి మొదటి తాళపుచెవి చెరిగిపోతుంది. మీ మౌస్ అడుగున 1, 2, 3 అని చానళ్లు మార్చే మీట ఉంటే, 1ని విండోస్‌కూ, 2ను లినక్స్‌కూ కేటాయించి విడివిడిగా జత చేసుకోవడమే అన్నింటికంటే సులువు. లేకపోతే రెండు వ్యవస్థల తాళపుచెవులనూ ఒకటి చేయాలి. లినక్స్ వాటిని వార్ ఫోల్డరులో, లిబ్ కింద, బ్లూటూత్ అనే చోట, రూట్ మాత్రమే చదవగలిగేలా దాస్తుంది. అలవాటు లేనివారికి అది తలనొప్పి పని, నేను సిఫారసు చేయను.

లినక్స్ ఒక్కటే వాడినా రోజూ ఉదయం మళ్లీ కలపవలసి వస్తోందని ఇంకొందరు రాశారు. వారు బ్లూటూత్‌సీటీఎల్ అనే ప్రోగ్రాములో పెయిర్, కనెక్ట్ ఆదేశాలు ఇచ్చి, మధ్యలోని ట్రస్ట్ ఆదేశాన్ని వదిలేసి ఉంటారు. ట్రస్ట్ ఇవ్వని మౌస్ తనంతట తాను తిరిగి కలవబోయినప్పుడు లినక్స్ దానికి వెంటనే ఒప్పుకోదు.

ప్రశ్న: కడపలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు పెట్టి ఫైళ్లు కాపీ చేసేటప్పుడల్లా మౌస్ ఎగిరెగిరి పడుతుంది. డిస్కు లేనప్పుడు బాగానే ఉంటుంది కానీ, కాసేపు వదిలేసి మళ్లీ పట్టుకుంటే మొదటి క్లిక్ పోతుంది. డ్రైవర్ మార్చాలా?
— ఒక వీడియోగ్రాఫర్, కడప

జవాబు: డ్రైవర్ జోలికి పోవద్దు. మీకున్నవి రెండు వేరువేరు సమస్యలు.

మొదటిది రేడియో గొడవ. యూఎస్‌బీ 3.0 తీగలో సమాచారం సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పరుగెత్తేటప్పుడు పుట్టే రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోకి కూడా చిందుతుంది. మీ డాంగిల్ వినేది సరిగ్గా అక్కడే. ఇంటెల్ సంస్థ 2012లోనే ఈ విషయంపై కొలతలతో సహా ఒక పత్రం విడుదల చేసింది. హార్డ్ డిస్కు పోర్టుకు ఆనుకునే డాంగిల్ ఉంటే, బ్యాండు మేళం పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టు ఉంటుంది దాని పరిస్థితి. పెళ్లిళ్లలో తిరిగే మీకు ఇంతకంటే చెప్పనక్కరలేదు. ఒక చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ కొని, డాంగిల్‌ను దాని కొనకు తగిలించి, డిస్కుకు దూరంగా, మౌస్‌కు దగ్గరగా టేబుల్ మీద పెట్టండి. నేను చూసినంతవరకు ఇది చాలాసార్లు సరిపోతుంది.

రెండోది కరెంటు పొదుపు. కొద్దిసేపు పని లేని యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చే ఏర్పాటు కెర్నల్‌లో ఉంది, దానికి మామూలు గడువు 2 సెకన్లు. సాధారణంగా మౌస్‌లకు దీనిని వర్తింపజేయరు. అయితే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని పవర్‌టాప్ ప్రోగ్రామును ‘ఆటో-ట్యూన్’ ఎంపికతో నడిపితే అది మౌస్ డాంగిల్‌ను కూడా నిద్ర జాబితాలో చేరుస్తుంది. మీరు ఎప్పుడో ఆ సలహా పాటించి, కంప్యూటర్ మొదలైనప్పుడల్లా అది నడిచేలా పెట్టి ఉంటారు. దానిని ఆపివేసి రీస్టార్ట్ చేయండి. అదే కావాలనుకుంటే, అది నడిచిన తర్వాత డాంగిల్‌కు చెందిన పవర్ ఫోల్డరులోని కంట్రోల్ అనే ఫైలులో ‘ఆటో’ బదులు ‘ఆన్’ అని రాయించాలి.

చివరగా, మౌస్ గురించి కాకపోయినా ఇదే కోవకు చెందిన సందేహం. కర్నూలు నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు పెడితే టీటీవై యూఎస్‌బీ 0 అనే ఫైలు తెరవడానికి అనుమతి లేదని వస్తోందని రాశారు. ఉబుంటులో ఆ ఫైలు డయల్‌అవుట్ సమూహానిది. యూజర్‌మాడ్ ఆదేశంతో మిమ్మల్ని ఆ సమూహంలో చేర్చుకుని, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే సరిపోతుంది. అయితే ఆ ఆదేశంలో పెద్ద జీ అక్షరానికి ముందు చిన్న ఏ అక్షరం తప్పనిసరి. ఏళ్ల క్రితం ఒక కళాశాల ప్రయోగశాలలో నేను ఆ ఒక్క అక్షరం మరిచిపోయాను. చిన్న ఏ లేకపోతే ఆదేశం ‘ఈ సమూహంలో కూడా’ అని కాక ‘ఈ సమూహంలో మాత్రమే’ అని అర్థం చేసుకుంటుంది. నా ఖాతా సుడో సమూహం నుంచి కూడా తొలగిపోయింది. తిరిగి లాగిన్ అయ్యాక ఏది సరిచేద్దామన్నా అధికారం లేదు. కంప్యూటర్‌ను రికవరీ మోడ్‌లో తెరిచి, రూట్‌గా ప్రవేశించి, నన్ను నేను మళ్లీ చేర్చుకునే సరికి మధ్యాహ్నం భోజనం సాయంత్రానికి జరిగింది.

సమూహంలో చేరాక కూడా ఆ ఫైలు కనిపించి మాయమవుతుంటే, ముఖ్యంగా ఉబుంటు 22.04లో, సీహెచ్340 చిప్ ఉన్న చవక బోర్డుతో అలా జరుగుతుంటే, అంధులు వాడే బ్రెయిలీ పలకల కోసం ఉన్న బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాము మీ బోర్డును బ్రెయిలీ పలక అనుకుని లాక్కుంటోంది. మీ ఇంట్లో బ్రెయిలీ పలక వాడేవారు లేకపోతే ఆ ప్యాకేజీని తీసివేసి, బోర్డును తిరిగి తగిలించండి.